దారి దొరికిన పిల్లాడు

ఆస్పత్రి వరండా చివరినుంచి ఆ పిల్లాడు టోపీ లేకుండా నడిచి వస్తుంటే ఆమె మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక, చూడనట్టు కూతురి జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది.

ఫిట్స్ పిల్లల వార్డుకి వచ్చేవాళ్లందరికీ వాడు టోపీ బాబు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే మొదలు నరికిన చెట్టులా పడిపోయేవాడు. అందుకని వాళ్లమ్మ వాడి తలకి దూది కూరి కుట్టిన తోలు టోపీ తగిలించి, గడ్డం కింద బకిల్ బిగించి తీసుకొచ్చేది. ఆ టోపీని చూసినప్పుడల్లా ఆమె తన పిల్ల తల నిమురుకునేది. పోనీలే, మనకి టోపీ దాకా రాలేదు. ఎవరికీ చెప్పుకోని ఆ చిన్న ఓదార్పుతోనే ఆమెకి వరండాలో టీ గొంతు దిగేది.

ఇప్పుడు ఆ టోపీ లేదు. వాడి జుట్టు గాలికి లేస్తోంది. గడ్డం కింద బకిల్ ఒరుసుకున్న నల్లటి చార ఒక్కటే మిగిలింది.

"వదినా, జరుగు జరుగు. నువ్వుంటే ఈ బెంచీ మీద నాకు చోటుంటుందని బస్సులోనే అనుకున్నా," అంటూ వాడి తల్లి పక్కన కూలబడింది. ఆస్పత్రిలో కలిసిన వదినలు వాళ్లు. ఏ చుట్టరికమూ లేదు. ఒకరి పిల్లకి ఫిట్స్ వస్తే ఇంకొకరు చెప్పులు లేకుండా నర్సు కోసం పరుగెత్తినవాళ్లు, అంతే.

"టోపీ ఏది?" అంది ఆమె, జడ మీంచి కళ్లెత్తకుండా.

"కొత్తగా చేరిన పాపకి ఇచ్చేశా వదినా. వీడు పడి ఎన్నాళ్లయిందో నాకే గుర్తు లేదు. పరీక్షలు చేశారు చూడు, మావాడిది ముందే వచ్చింది, మావాడికి దారి దొరికిందంట. ఆ దారికి సరైన మాత్ర కూడా ఉందంట, అప్పట్నుంచీ వేస్తున్నా. డాక్టరమ్మ చెప్పింది."

దారి దొరికిందంట. ఆ మాట ఆమె చెవిలో పడి అక్కడే బైఠాయించింది.

"మంచిదే," అంది. మూడక్షరాల ఆ మాట అంటూనే జడ పాయ గట్టిగా లాగింది.

"అమ్మా, బిగించకు, నొప్పి," అంది కూతురు. "అమ్మా, వాడి బుగ్గల మీద ఎర్రగా గింజల్లా ఏంటి? అమ్మా, టోపీ లేకపోతే వాడి చెవులు పెద్దగా ఉన్నాయి కదా. అమ్మా…"

"అబ్బబ్బ, నోటికి కాసేపు తాళం వెయ్యవే. పొద్దున్నుంచీ ఒకటే గోల," అని ఆమె కసిరింది. ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అంటారు. లేచిందగ్గర్నుంచీ కిచకిచలే. అయినా ఆ కిచకిచ ఆగిందంటే ఆమె గుండెలో రాయి పడేది. మాట మధ్యలో ఆగి, కళ్లు ఒకచోట నిలిచి, చేత్తో గౌను అంచు పీక్కోవడం మొదలెట్టిందంటే ఫిట్స్ వచ్చేసినట్టే. అందుకే కసిరిన మరుక్షణం పిల్ల మొహంలోకి తొంగి చూసింది. పిచ్చుక పెదవులు బిగించి, కావాలనే మూగదానిలా తల ఊపింది. బాబు తల్లి అది చూసి నవ్వలేదు.

ముందు ఆమెని లోపలికి పిలిచారు. డాక్టరమ్మ వయసులో చిన్నది, మాట నెమ్మది. కాగితం చూస్తూ, "అమ్మా, పాప రక్తపరీక్ష వచ్చింది. బాబులో కనబడిన దారి పాపలో లేదు," అంది.

ఆమెకి ఆ తర్వాత ఏమీ వినబడలేదు. డాక్టరమ్మ పెదవులు కదులుతున్నాయి. ఒంట్లో కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయనో, ఆ కబుర్లు నడిచే దారులుంటాయనో ఏదో చెబుతోంది. కబుర్లంట. పిల్లకి దారి లేదని చెప్పేశాక ఇంక కబుర్లేమిటి. ఆమె కుర్చీ అంచు పట్టుకుని, రేపట్నుంచి జరగబోయేవన్నీ వరసగా చూసేసింది. బడివాళ్లు పిల్లని వద్దంటారు. మెట్ల మీద పడుతుంది. తర్వాత టోపీ వస్తుంది. ఆ పైన చూడలేక కళ్లు మూసుకుంది.

"బాబుకిస్తున్న మాత్ర మాకూ రాయండమ్మా," అంది కళ్లు తెరిచి.

"అది మీ పాపకి కాదమ్మా."

"ఏం, మా పాప ఏం పాపం చేసింది?"

"అలా కాదు. ఆ మాత్ర ఆ ఒక్క దారి మీదే పనిచేస్తుంది. ఊరికే వేస్తే నోరంతా పుళ్లవుతుంది, జ్వరాలు పట్టుకుంటాయి. పాప వాడుతున్న మందే కొంచెం పెంచి చూద్దాం. భయపడకండి."

భయపడకండి అనేవాళ్లంటే ఆమెకి మొదట్నుంచీ నమ్మకం తక్కువ. మీ పాపకి కాదు, అన్న ముక్క మాత్రం గట్టిగా పట్టుకుని బయటికొచ్చింది. ఎవరి పాపకి అవుతుంది మరి? బాబువాళ్లకి ఆస్పత్రిలో ఎవరో తెలిసినవాళ్లుండి ఉంటారు. లేకపోతే ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లే, ఇద్దరూ ఒకే వరసలో రక్తం ఇచ్చినవాళ్లే, దారి ఒకళ్లకే ఎలా దొరుకుతుంది?

"ఏమందీ వదినా?" అంది బాబు తల్లి లేస్తూ. వాడిని రక్తం తీయడానికి పిలుస్తున్నారు.

"ఏమంటుంది. మందు పెంచింది."

"సరే, ఇది పట్టుకో. వీడు సూది చూస్తే నన్ను వదలడు," అని బాబు తల్లి తన బ్యాగు ఆమె ఒళ్లో పెట్టి వెళ్లింది. అదీ వాళ్ల అలవాటే. లోపలికి వెళ్లేవాళ్లు బయటున్నవాళ్లకి బ్యాగు ఇచ్చి వెళ్లాలి. మార్చుకునే బట్టలు, నీళ్ల సీసా, మందులు, ఆస్పత్రి కాగితాలు, ఇంటి తాళం అన్నీ అందులోనే. బిడ్డ తర్వాత అంత నమ్మకంగా చేతిలో పెట్టేది ఆ బ్యాగే.

జిప్పు సగం తెరిచే ఉంది. పైనే మాత్రల అట్టపెట్టె. అప్పుడే ఇచ్చినట్టున్నారు, మూత కూడా సరిగా మూసి లేదు. ఆమె పిచ్చుక వైపు చూసింది. పిచ్చుక కిటికీలోంచి కింద ఆగిన బళ్లకి పేర్లు పెడుతోంది. ఆమె చెయ్యి, రోజంతా సన్నటి రాగితీగతో పనిచేసే చెయ్యి, పెట్టె కదలకుండా ఒక షీటు లాగి తన సంచిలో అన్నం డబ్బా కిందికి తోసింది.

తిరిగొచ్చి బ్యాగు అందుకుంటూ బాబు తల్లి, "నీ చేతులేంటి ఇలా చల్లబడ్డాయి?" అంది.

*

ఆమె పనిచేసేది ఫ్యాన్ మోటార్లకి తీగ చుట్టే షాపులో. కాలిపోయిన మోటారు వస్తే మేస్త్రీ ఉలితో పాత చుట్టలు కోసి పీకేస్తాడు. ఆమె ఆ చుట్టలుండే గాడుల్లో మసి గీకి, కరెంటు తగలకుండా పసుపుపచ్చ కాగితం మడిచి దూర్చి, కొత్త తీగ చుడుతుంది. తీగ మీద కంటికి కనబడని పూత ఉంటుంది. అది ఎక్కడ గీసుకుపోయినా లోపల తీగా తీగా తగిలి మోటారు మళ్లీ కాలుతుంది. అందుకని గోళ్లు పెంచకూడదు, తీగని గట్టిగా లాగకూడదు, మనసు పక్కకి పోకూడదు.

మర్నాడు పొద్దున ఆమె మనసు మోటారు దగ్గర లేదు, సంచిలో అన్నం డబ్బా కింద ఉంది. ఈ రాత్రికి కాదు, సాయంత్రం బడినుంచి రాగానే ఇవ్వాలి, కడుపు నిండా తిన్నాక ఇవ్వాలి, ముందు సగం ఇచ్చి చూడాలి అని లెక్కలు కడుతూ చుట్టింది. మధ్యలో టోపీ లేని తల కళ్లముందు కదిలితే చుట్టలు బిగిసిపోయేవి.

మేస్త్రీ మోటారు అందుకుని, తీగ చివర్ల పూత గీకబోయి ఆగాడు. తీగని వేళ్ల మధ్య నలిపాడు.

"ఏమ్మా, ఇది ఏ మోటారు?"

"గోడ ఫ్యాన్‌ది."

"మరి తీగ ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ది చుట్టావేంటి? లావు తీగ."

"అది మంచి తీగే కదా, అలమారాలో కొత్త చుట్ట," అంది ఆమె, తప్పు ఒప్పుకోవడం ఇష్టం లేక.

"తీగ బంగారంలాంటిది. ఈ మోటారుకి కాదంతే," అని మేస్త్రీ కట్టర్ తీసుకుని ఆమె పొద్దున్నుంచీ చుట్టినదంతా టకటకా కోసేశాడు. "ఫ్యాన్ మీద కోపమా, మీ ఆయన మీద కోపమా? ఎవరి మీదైతే వాళ్ల తల మీద చుట్టు, నా తీగ జోలికి రాకు."

ఆమెకి నిన్నట్నుంచీ లోకమంతా కూడబలుక్కుని ఒకటే మాట అంటున్నట్టుంది. నీకు కాదు, దీనికి కాదు. పాత కాగితం పీకి, కొత్తది మడిచి, మళ్లీ మొదలుపెట్టింది.

*

సాయంత్రం పిచ్చుక అన్నం తిని, మెట్టు మీద కూర్చుని బడి సంగతులు చెబుతోంది. ఆమె వంటింట్లో షీటు తీసి, వెనక రేకు గోటితో చీల్చింది. మాత్ర అరచేతిలోకి దొర్లింది. ఇంత చిన్నదా? ఇంత చిన్న దానికోసమా నిన్నట్నుంచీ కడుపులో నిప్పులు పోసుకున్నది?

గ్లాసులో నీళ్లు పట్టుకుని వచ్చింది. "ఇదిగో, ఇది వేసుకో."

పిచ్చుక మాత్ర చూసి, "ఇది నాది కాదే," అంది. "నాది గులాబీ రంగు. ఇది బాబుది."

"డాక్టరమ్మ కొత్తగా ఇచ్చింది."

"ఆంటీ నీళ్లలో కరిగించి పోస్తుంది వాడికి, నేను చూశాగా. వాడు మింగలేడు. నోట్లో తెల్లగా పుళ్లమ్మా. నిన్న నేను బిస్కెట్టిస్తే కొరికి ఏడ్చాడు. నాకూ వస్తాయా పుళ్లు? వస్తే నేను మాట్లాడలేనా?"

ఆమె చేతిలో గ్లాసు పిల్ల నోటి దాకా వచ్చి ఆగింది.

ఆమె భయం సామాన్యమైంది కాదు. మొగుడు అందుకే ఆటపట్టిస్తాడు: ఆకాశంలో మబ్బు కనబడితే చాలు, నువ్వు ఇంట్లో సామానంతా మంచమెక్కిస్తావ్ అని. స్నానాలగదికి గడియ పీకించింది, మంచం కోళ్లు కోయించింది. నిన్నట్నుంచీ ఆ భయాన్ని కూడా పక్కకి నెట్టి కూర్చుంది కుళ్లు. పిల్ల నోటినుంచి ఆ ఒక్క ప్రశ్న పడేసరికి భయం తన చోటు తనకి కావాలన్నట్టు లేచింది. నోరు పుళ్లవుతుంది. తినదు. జ్వరం వస్తుంది. జ్వరం వస్తే ఫిట్స్ వస్తాయి. డాక్టరమ్మ ఏం మందిచ్చావని అడుగుతుంది. ఏం చెప్పాలి? ఈ కిచకిచ ఆగిపోతే?

"ఆగు. మర్చిపోయా. ఇవాళ కాదు," అంది.

"మరి రేపా?"

"నోర్మూసుకుని చదువుకో," అంది. అని, "మూసుకోకు. చదువుకో," అంది.

మాత్రని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పారేయడానికి చెయ్యి రాలేదు. కొంగుకి అంటుకున్న పసుపుపచ్చ కాగితం ముక్క ఒకటి కనిపిస్తే, అందులో మడిచి షీటుతోపాటు మళ్లీ డబ్బా కిందే పెట్టింది.

*

మర్నాడు మధ్యాహ్నం షాపులో ఉండగా ఫోన్ మోగింది. బాబు తల్లి.

"వదినా, పనిలో ఉన్నావా? ఏం లేదు. వీడి మాత్రల షీటొకటి కనబడట్లేదు. మొన్న బ్యాగు నీ ఒళ్లో ఉన్నప్పుడు బెంచీ కింద ఏమైనా జారిందేమోనని."

"లేదే," అంది ఆమె. "నేను చూళ్లేదు."

"అంతేలే. నా బుర్ర ఈమధ్య ఎక్కడుంటుందో. ఆస్పత్రిలో అడిగా, తేదీ రాకుండా ఇంకో షీటు ఇవ్వరంట. పర్లేదు, రోజూ సగం సగం ఇచ్చి సర్దుకుంటా."

"సగం ఇస్తే…"

"ఏమవుతుంది? దేవుడున్నాడు."

ఫోన్ పెట్టేశాక ఆమె తీగ అందుకుంది. గాడిలో పెట్టింది. సగం ఇస్తే ఏమవుతుంది? వాడు పడతాడు. ఎక్కడ పడతాడు? వాళ్ల ఇంటి ముందు సిమెంటు అరుగుంది, ఒకసారి వెళ్లినప్పుడు చూసింది, దాని అంచు కత్తిలా ఉంటుంది. టోపీ లేదు. టోపీ ఎవరికో ఇచ్చేశారు. టోపీ లేని తల, గాలికి లేచే ఆ జుట్టు, సిమెంటు అంచు. ఇన్నేళ్లుగా తన పిల్ల తప్ప ఇంకో పిల్ల పడని ఆమె ఊహలో ఇప్పుడు వాడు పడ్డాడు. మళ్లీ లేచి మళ్లీ పడ్డాడు.

"మేస్త్రీ, నేను వెళ్లాలి."

"ఏమైందమ్మా, పాపకి వచ్చిందా?"

"పాపకి కాదు," అని ఆమె చేతుల మీది వార్నిష్ కూడా తుడుచుకోకుండా బయల్దేరింది.

బడినుంచి పిచ్చుకని తీసుకుని వెళ్లేసరికి బాబు తల్లి ఒంటిగది ఇంట్లో నేలమీద కూర్చుని, వాడి కింది పెదవి వేలితో వంచి, దూదితో మందు అద్దుతోంది. లోపలంతా తెల్లటి పుళ్లు. వాడు శబ్దం లేకుండా కన్నీళ్లు కారుస్తున్నాడు. పక్కన గిన్నెలో మెత్తగా పిసికిన అన్నం చల్లారి గట్టిపడింది.

"ఇదేంటి వదినా, చెప్పకుండా వచ్చావ్? కూర్చో. వీడికి ముద్ద దిగి రెండ్రోజులైంది."

"దారి దొరికింది కదా," అంది ఆమె. ఇంకేం అనాలో తెలియక ఆ మాటే వచ్చింది.

బాబు తల్లి దూది పక్కన పెట్టి ఆమె వైపు వింతగా చూసింది. "దారంటే ఏమనుకున్నావ్?"

"బయటపడే దారి."

"ఎక్కడి బయటపడటం, నా తల్లీ. రోగం నడిచే దారి అది." బాబు తల్లి వాడి చొక్కా పైకెత్తింది. నడుం మీద ఆకుల్లాంటి తెల్లటి మచ్చలు. "ఒంట్లో ప్రతి కణానికీ పెరగమని ఒక కబురొస్తుందంట, చాలు ఇంక ఆగమని ఒక కబురొస్తుందంట. వీడికి చాలు అని చెప్పేది పుట్టుకతోనే పాడైంది. అందుకని మెదడులో గడ్డలు, వాటివల్లే ఫిట్స్. మూత్రపిండాల్లో కూడా ఉన్నాయని మొన్న స్కాన్‌లో తేలింది. ఈ మాత్ర బయటినుంచి చాలు చాలు అని చెబుతుందంట. మానేస్తే అవి మళ్లీ వినవు. ఎన్నాళ్లు చెప్పాలో డాక్టరమ్మకే తెలియదు."

"నాకు చెప్పలేదే."

"చెబితే నీ కళ్లలో జాలి చూడాలి. టోపీ తీసిన రోజైనా నిన్ను కాస్త కుళ్లుకోనిద్దాం అనుకున్నా." అని నవ్వబోయింది, కుదరలేదు. "నీ పిల్లకి ఆ దారి లేదన్నారని నర్సు చెప్పింది. స్కాన్ కూడా శుభ్రంగా ఉందంట. మందు పెంచితే తగ్గొచ్చంట. ఆ మాట విని నేను రక్తం గదిలో గోడవైపు తిరిగి నిలబడ్డా వదినా. ఎందుకో అడక్కు. ఈ పిల్ల నోరు ముయ్యదని నువ్వు విసుక్కున్నప్పుడల్లా నాకు నిన్ను లాగి ఒకటివ్వాలనిపిస్తుంది. వీడు పుట్టాక ఇన్నేళ్లలో నన్ను అమ్మా అని పిలవలేదు. ఒక్కసారి కూడా."

ఆమెకి డాక్టరమ్మ మాట ఇప్పుడు వినబడింది. ఆ దారి పాపలో లేదు. ఏ తలుపు మూసుకుందని రెండ్రోజులు తల బాదుకుందో, అది తన పిల్ల లోపల అసలు లేనే లేని తలుపు. సంచిలో చెయ్యి పెట్టింది. అన్నం డబ్బా పక్కకి జరిపి షీటు తీసి, దాంతోపాటు పసుపుపచ్చ కాగితం మడత తీసి, నేలమీద బాబు తల్లి మోకాలి పక్కన పెట్టింది. దారిలో కట్టుకొచ్చిన అబద్ధం ఒకటుంది: బెంచీ కింద దొరికింది, ఆయా ఇచ్చింది. అది నోటి దాకా వచ్చి, ఆ చీల్చిన రేకు చూసి వెనక్కి పోయింది.

బాబు తల్లి షీటు అందుకుంది. ఖాళీ గడిలో బొటనవేలు పెట్టింది. మడత విప్పింది. ఆ పసుపు కాగితం ఏ షాపులో వాడతారో ఆవిడకి తెలుసు. మాత్రని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. పిచ్చుక ఈలోపు గదిలో ఉన్న వస్తువులన్నిటికీ పేర్లు పెట్టేసి, బాబు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"పిల్లకి వేశావా?" అంది బాబు తల్లి చివరికి. గొంతు పెద్దది చేయలేదు.

"లేదు. ఒట్టు. చేతిదాకా తీసుకెళ్లా."

"తడవలేదుగా ఇది?"

"లేదు."

"తడిస్తే పనికిరాదు," అంది, దానికోసమే అడిగినట్టు. షీటు పక్కన పెట్టి, "వేసుంటే నిన్ను చంపేదాన్ని," అంది. ఎవరి పిల్ల గురించి అన్నదో చెప్పలేదు. మాత్ర పట్టుకుని లేచింది. లేచి, వాడిని రెండు చేతుల్తో ఎత్తి ఆమె ఒళ్లో పెట్టింది. బ్యాగు పెట్టినట్టే పెట్టింది. "కాస్త పట్టుకో. కరిగించి తెస్తా. వెనక్కి విరుచుకుంటాడు, తల జాగ్రత్త."

ఆమె వాడి తల కింద అరచెయ్యి పెట్టింది. జుట్టు మెత్తగా ఉంది. టోపీ లేకపోతే పిల్లల తల ఇంత వెచ్చగా ఉంటుందని ఆమెకి తెలుసు, కానీ వాడిది కూడా అలాగే ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

"నీకు మాటలు రావా? ఏం కాదు, నేను నేర్పుతా," అంటోంది పిచ్చుక. "ఇది గిన్నె. ఇది నేను. అదిగో, అది అమ్మ. అమ్మ అను." పొయ్యి దగ్గర నిలబడి గ్లాసులో చెంచా తిప్పుతున్న బాబు తల్లిని చూపించింది. బాబు పిచ్చుక నోటివైపు చూస్తున్నాడు. "ఊఁ, అను. కష్టం కాదు. ఇలా. అమ్మా."

చెంచా చప్పుడు ఆగింది.

ఆ పిలుపుకి ఆమె గొంతులోకి, అలవాటుగా, ఊఁ అని జవాబు వచ్చేసింది. పిచ్చుక చూపు మాత్రం ఇటు లేదు. తన పిల్ల, తన పిల్ల నోట్లో మాట, ఇంకో ఆడదాని వీపు కేసి పోతోంది. మొన్నట్నుంచీ పక్కటెముకల కింద ఉన్న మంట ఆరిందనుకుంది గానీ ఆరలేదు, మళ్లీ చురుక్కుమంది. ఆమె ఆ జవాబుని మింగింది.

"ఆఁ," అంది బాబు తల్లి, పొయ్యి వైపు నుంచి తిరగకుండా. భుజాలు మాత్రం కదిలాయి.

ఆమె ఒళ్లో పిల్లాడి తల ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"ఇంకోసారి పిలువే," అంది కూతురితో.